చెడిపోయిన ఫోటోలు చూసి కెమెరా కొన్నాను

"ఇంట్లో వాడుకోవడానికి ఒక మంచి కెమెరా చెప్పండి" అని అడిగి చూడండి, ప్రతివాళ్ళ దగ్గరా జవాబు రెడీగా ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన కెనాన్ తప్ప మిగతావేవీ కెమెరాలే కావంటాడు. పక్క ఫ్లాట్ కుర్రాడు "ఎందుకాంటీ, ఐఫోన్ తీసుకోండి" అంటాడు. రాజమండ్రిలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే మా తమ్ముడైతే (బాబాయి కొడుకు) "ఫుల్ ఫ్రేమ్ కాకుండా ఇంకోటి కొన్నావంటే నాకు ఫోన్ చేయకక్కా" అన్నాడు. ఫుల్ ఫ్రేమ్ అంటే, వెలుతురుని పట్టి ఫోటోగా మార్చే సెన్సర్ పాత ఫిల్మ్ కెమెరాల ఫ్రేమంత పెద్దగా ఉండే కెమెరా. నువ్వు అసలు ఏం ఫోటోలు తీస్తావు, ఎక్కడ తీస్తావు అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

దాంతో ఆ ప్రశ్న నేనే వేసుకుని, జవాబు కోసం ఫోన్ గ్యాలరీ తెరిచాను. బాగా వచ్చిన ఫోటోల జోలికి పోలేదు. పగలు, ఆరుబయట, మనుషులు కదలకుండా నిలబడ్డ చోట ఫోన్ చక్కగానే తీస్తుంది, దానికి ఇంకో వస్తువు కొనాల్సిన పనిలేదు. చెడిపోయినవి, కానీ డిలీట్ చేయబుద్ధి కానివి మాత్రం ఏరి ఒక ఆల్బమ్‌లో పడేశాను. సంక్రాంతికి అత్తయ్య కింద బట్ట పరుచుకుని సకినాలు చుడుతున్న ఫోటోలో ఆవిడ ముఖం బాగానే ఉంది, వేళ్ళు మాత్రం పొగలా ఉన్నాయి. హాల్లో పాప గెంతుతున్న ఫోటోలు దాదాపు అన్నీ అలికేసినట్టు ఉన్నాయి. అపార్ట్‌మెంట్ కింద రాత్రి బతుకమ్మ ఆడుతున్నప్పటివి చూస్తే అందరి చర్మం ప్లాస్టిక్ బొమ్మల్లా నున్నగా ఉంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో తీసిన మా ఆడపడుచు ఫోటో అయితే చెప్పక్కర్లేదు, జడలో మల్లెపూలు సగం వెనక ఉన్న గోడలో కలిసిపోయాయి. ఏది జుట్టో, ఏది గోడో ఫోన్ అంచనా వేసి కత్తిరిస్తుంది కాబట్టి మల్లెపూల లాంటివి దొరికితే తికమకపడుతుంది.

ఒక్కో ఫోటోని పైకి తోస్తే వివరాలు కనిపిస్తాయి కదా, ఎప్పుడు తీశాం, షట్టర్ స్పీడ్ ఎంత, ఐఎస్‌ఓ (అందిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించిందో చెప్పే అంకె) ఎంత అని. అవి వరసగా చూస్తూ పోతే విషయం తేటతెల్లమైంది. దాదాపు అన్నీ సాయంత్రం ఆరు దాటాక, ట్యూబ్‌లైట్ల కింద, కదులుతున్న మనుషులవి. షట్టర్ సెకనులో 25వ వంతో, 30వ వంతో ఉంది. అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే గెంతే పిల్లే కాదు, సకినం చుట్టే వేలు కూడా చెరిగిపోతుంది. ఫోన్ నాలుగైదు ఫ్రేములు తీసి కలిపి చీకటిని సరిచేస్తుంది, కానీ ఆ ఫ్రేముల మధ్యలో మనిషి కదిలితే పాపం అది మాత్రం ఏం చేస్తుంది.

అంటే నాకు కావలసింది ఇంటి వెలుతురులో సెకనులో 250వ వంతు షట్టర్‌తో తీయగలిగే కెమెరా. నా హ్యాండ్‌బ్యాగులో పట్టాలి. 200 మెగాపిక్సెళ్ళూ వద్దు, అరవై రెట్ల జూమూ వద్దు. ఇంత తేలాక, ఏం చూడాలో తెలిసింది కనుక, టెన్షన్ సగం తగ్గింది.

మొదట చిన్న కాంపాక్ట్ కెమెరాలు చూశాను, బ్యాగులో పట్టాలి అన్న షరతు ఉంది కాబట్టి. ఇప్పుడు వాటిని కొత్తగా తయారుచేసేవాళ్ళే తక్కువ. 2010లో ప్రపంచం మొత్తం మీద డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా షాపులకు వెళ్ళాయి. 2023 నాటికి ఆ లెక్క 80 లక్షల లోపుకి పడిపోయింది, ఫోన్లు మింగేసినవి ఎక్కువగా ఈ చిన్న కెమెరాలే. మిగిలిన వాటిలో సోనీ ఆర్‌ఎక్స్100 వరసది ఒక అంగుళం సెన్సర్, పేరుకే అంగుళం గానీ కొలిస్తే 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. మామూలు ఫోన్ల సెన్సర్‌కి రెట్టింపు పైనే ఉంటుంది, బాగానే ఉంది, కానీ షావోమీ 13 ప్రో లాంటి ఫోన్లలోకి కూడా ఆ సైజు సెన్సర్ వచ్చేసింది, ఇక దానికోసం విడిగా ఇంత డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు. రికో జీఆర్ 3 నిజంగా జేబులో పట్టేది, బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, సెన్సర్ పెద్దదే (ఏపీఎస్-సీ అంటారు, ఫుల్ ఫ్రేమ్ కన్నా ఒక మెట్టు చిన్నది). దాని మీద చాలా ఆశపడ్డాను. కానీ లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర ఆగిపోతుంది (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపిస్తుంది), మార్చుకోవడానికి లేదు, ఫ్లాష్ కూడా లేదు. వీధుల్లో తిరిగి ఫోటోలు తీసేవాళ్ళకి అది బంగారం, మా హాల్లో ట్యూబ్‌లైట్ కింద మాత్రం చాలదు. ఫూజీ ఎక్స్100 సిక్స్ మన దేశంలో లక్షన్నర దాటింది, నా బడ్జెట్ అందులో సగం, కాబట్టి దాని గురించి ఇంక మాట్లాడను.

తర్వాత కోఠి వెళ్ళాను. గుజరాతీ గల్లీలో కెమెరా షాపులు వరసగా ఉంటాయి, ఆన్‌లైన్‌లో చూసేదానికీ చేతిలో పట్టుకుని చూసేదానికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఒక షాపులో అతను నా మాట సగంలోనే ఆపి పెద్ద జూమ్ కెమెరా ఒకటి బల్ల మీద పెట్టాడు. "మేడమ్, దీంతో చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి." నాకు చంద్రుడితో పనిలేదయ్యా, మా పాప ముఖం కనిపిస్తే చాలు అంటే నవ్వాడు గానీ కెమెరా లోపల పెట్టలేదు. ఆ రకం కెమెరాల్లో చాలావాటి సెన్సర్ 6.2 బై 4.6 మిల్లీమీటర్లు మాత్రమే. అంత పొడవు జూమ్ అంత చిన్న ఒంట్లో ఇమిడిందంటే కారణం అదే. పగటిపూట పిట్టల్ని తీయడానికి పనికొస్తుంది, రాత్రి ఇంట్లో మన ఫోనే నయం.

ఇంకో షాపులో బిల్లుతో ఒక రేటు, బిల్లు లేకుండా ఇంకో రేటు చెప్పారు. తేడా చూస్తే నోరూరుతుంది. 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం, అంతకుముందు 28 ఉండేది, కాబట్టి బిల్లు లేదంటే ఎంతో కొంత తగ్గడం సహజం. కానీ అలాంటివాటిలో చాలావరకు బయటి దేశాల నుంచి తెచ్చినవే, ఇక్కడి కంపెనీ వారంటీ వాటికి వర్తించదు. బ్యాగు, ట్రైపాడ్, క్లీనింగ్ కిట్, యూవీ ఫిల్టర్ ఫ్రీ అంటూ కుప్ప పోస్తారు చూడండి, ఆ ట్రైపాడ్ మీద కెమెరా పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి.

ఆ రోజు ఏమీ కొనకపోయినా అన్నీ చేతిలో పట్టుకుని చూశాను. ఆ తర్వాత తమ్ముడితో ఫోన్‌లో పెద్ద చర్చ. వాడు చెప్పిన ఫుల్ ఫ్రేమ్ సోనీ ఏ7 3 బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే) 650 గ్రాములు, దానికి వాడు పెళ్ళిళ్ళలో వాడే 24-70 లెన్స్ 886 గ్రాములు, రెండూ కలిపితే కిలోన్నర. "కిలోన్నర సంచి వేసుకుని రోజూ బస్సెక్కి ఆఫీసుకెళ్తానా రా?" అంటే, "మరి పెద్ద ప్రింట్లు వేయించుకోవా అక్కా?" అన్నాడు. అప్పుడు వాడి లెక్కే వాడికి అప్పజెప్పాను. వాళ్ళు పెళ్ళి ఆల్బమ్ 12 బై 36లో వేస్తారు, అంటే పుస్తకం తెరిచినప్పుడు రెండు పేజీలూ కలిపి 36 అంగుళాల వెడల్పు, ఒక్క పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసుకున్నా పేజీ నిండా ఒకే ఫోటోకి 5400 బై 3600 పిక్సెళ్ళు చాలు, పందొమ్మిదిన్నర మెగాపిక్సెళ్ళు కూడా లేదు. ఏపీఎస్-సీ కెమెరాలు మామూలుగా 24 ఇస్తున్నాయి. కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత "సరే, బాడీలో మిగిలిన డబ్బు లెన్స్‌లో పెట్టు, కిట్ లెన్స్‌తో సరిపెట్టుకోకు" అన్నాడు. మొత్తం ఈ వ్యవహారంలో నాకు బాగా పనికొచ్చిన మాట ఇదే.

ఎందుకో చెప్తాను. కెమెరాతో పాటు వచ్చే 16-50 కిట్ లెన్స్ జూమ్ చేసినప్పుడు ఎఫ్ 5.6కి దిగిపోతుంది. ఎఫ్ 1.4 లెన్స్ దానికి పదహారు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపిస్తుంది. మా హాల్లో కొలిచి చూశాం. కిట్ లెన్స్ ఎఫ్ 5.6లో, ఐఎస్‌ఓ 3200 పెట్టినా సెకనులో 60వ వంతు మించి రాలేదు. అదే గదిలో ఎఫ్ 1.4 పెడితే ఐఎస్‌ఓ 800కి దించి కూడా సెకనులో 250వ వంతు వచ్చింది. అంటే పాప గెంతులు ఆగుతాయి, ఫోటోలో రవ్వ (ఐఎస్‌ఓ పెరిగితే వచ్చే గరుకు చుక్కలు) కూడా తగ్గుతుంది. ఇంత తేడా బాడీ మారిస్తే రాదు. ఏపీఎస్-సీ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తే వచ్చే లాభం అంతా కలిపి ఇందులో చిన్న భాగమే.

అద్దెకు తెచ్చుకుని చూడటం అన్నిటికన్నా మంచి పని. కృష్ణానగర్ వైపు సినిమా వాళ్ళు ఎక్కువ కదా, కెమెరాలు అద్దెకిచ్చేవాళ్ళూ ఎక్కువే. ఆధార్ చూపించి, డిపాజిట్ కట్టి శని, ఆదివారాలకి తెచ్చుకోవచ్చు. మొదట కెనాన్ 200డీ మార్క్ 2 తెచ్చాను. తేలిక, చేతికి బాగా కుదిరింది, రంగులు కూడా బావున్నాయి, మెనూలు చిన్నపిల్లలకి కూడా అర్థమవుతాయి. కానీ దాని వ్యూఫైండర్‌లోంచి (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) చూస్తూ తీస్తే ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, అవీ మధ్యలో గుంపుగా ఉంటాయి. పాప ఫ్రేము అంచుకి పోతే ఫోకస్ వెనకున్న సోఫా మీద పడుతుంది. స్క్రీన్ మీద చూస్తూ తీస్తే కళ్ళని పట్టుకుంటుంది నిజమే, కానీ అప్పుడు వ్యూఫైండర్ ఉండి ఏం లాభం.

తర్వాతి వారాంతం సోనీ ఆల్ఫా 6400, దానితో సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 లెన్స్. బాడీ 403 గ్రాములు, మిర్రర్‌లెస్ (లోపల అద్దం ఉండదు, సెన్సర్ చూసేదే వ్యూఫైండర్‌లోనూ కనిపిస్తుంది) కాబట్టి వ్యూఫైండర్‌లో కూడా కంటి ఫోకస్ పనిచేస్తుంది, ఫ్రేములో ఎటు పోయినా చిన్న పెట్టె పాప కంటిని వెంటాడుతూ ఉంటుంది. అది చూశాకే నా మనసు అటు మొగ్గింది. పాప పడుకున్నప్పుడు చప్పుడు కాకుండా తీద్దామని సైలెంట్ షట్టర్ పెడితే ఫోటో నిండా అడ్డంగా నల్లటి చారలు వచ్చాయి. కెమెరా పాడైందేమోనని కంగారుపడి తమ్ముడికి పంపిస్తే విషయం చెప్పాడు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీ ట్యూబు సెకనుకి వందసార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు అంతే. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్ వరసలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది గనుక వెలుతురు తగ్గిన క్షణంలో చదివిన వరసలు నల్లగా పడతాయి. మామూలు షట్టర్ పెడితే, స్పీడు మరీ ఎక్కువ కాకపోతే, పోతాయి. పోయాయి కూడా. మీరు షాపులో చూసేటప్పుడు ఆ చారలు కనిపిస్తే కెమెరాని తిట్టకండి, పైనున్న లైటు చూడండి.

కొత్త బాడీ, కొత్త లెన్స్ రెండూ కొంటే బడ్జెట్ దాటిపోతోంది. అందుకని బాడీ పాతది, లెన్స్ కొత్తది అనుకున్నాం. ఈ మోడల్ 2019లో వచ్చింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది. వ్లాగులు చేద్దామని కొని మానేసినవాళ్ళ పుణ్యమా అని పెద్దగా వాడనివి కూడా ఉంటాయి. కూకట్‌పల్లిలో అలాంటి కుర్రాడే ఒకడు దొరికాడు, కిట్ లెన్స్‌తో సహా ఇస్తానన్నాడు. తమ్ముడు ఏదో పని మీద హైదరాబాద్ వచ్చినప్పుడు ఇద్దరం వెళ్ళాం, వాడు చూసిన తీరు చూస్తే పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంత చూడరు.

ముందు అసలు బిల్లు, దాని మీద ఉన్న సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా కాదా. తర్వాత మెనూలోకి వెళ్ళి భాషలు చూశాడు. జపాన్‌లో అమ్మే సోనీలకి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడానికి కుదరదు, అవి కూడా ఇక్కడ చేతులు మారుతుంటాయట. లెన్స్ ఊడదీసి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు ఉన్నాయేమో చూశాడు, అది ఫంగస్. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడ ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీద ధూళి ఉంటే బూడిదరంగు చుక్కలుగా కనబడుతుంది. రెండు కనిపించాయి, బ్లోయర్‌తో ఊదితే పోయాయి. మూత పెట్టి కటిక నల్లటి ఫోటో ఒకటి తీసి అందులో ఎర్ర, ఆకుపచ్చ చుక్కలు వెతికాడు, ఉంటే సెన్సర్‌లో చెడిపోయిన పిక్సెళ్ళన్నమాట. ఫ్లాష్ లేపి చూశాడు, స్క్రీన్ పైకీ కిందికీ వంచాడు, యూఎస్‌బీ వైరు గుచ్చి చార్జ్ అవుతోందో లేదో చూశాడు. ఆఖర్న ఒక ఫోటో లాప్‌టాప్‌లోకి ఎక్కించి షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చదివాడు, 20 వేల లోపే. ఈ తరహా కెమెరాల షట్టర్లు లక్ష పైన కొడతాయి, ఫర్వాలేదక్కా అన్నాడు. ఆ కుర్రాడికి చిరాకొచ్చిందేమో గానీ బయటపడలేదు, పైగా ఒక బ్యాటరీ ఎక్స్‌ట్రా ఇచ్చాడు. ఇది చిన్న బ్యాటరీ, రెండోది తప్పనిసరి.

సిగ్మా లెన్స్ బిల్లుతో కొత్తది తీసుకున్నాను. రెండూ కలిపి ముప్పావు కిలో లోపే. మెత్తటి పాత చున్నీలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుంటే సరిపోతోంది.

వాడటం మొదలుపెట్టాక తెలిసిన సంగతి ఒకటి. ఎఫ్ 1.4 ఉంది కదా అని ఎప్పుడూ అక్కడే పెట్టకూడదు. రెండు మీటర్ల దూరంలో మనిషిని తీస్తే పదునుగా వచ్చే మందం పాతిక సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ముఖం మొత్తం బావుంటుంది. అదే అర మీటరు దగ్గరికి వెళ్తే ఒకటిన్నర సెంటీమీటరే. అత్తయ్య మళ్ళీ సకినాలు చుట్టినప్పుడు ముందు 1.4లో తీశాను, బొటనవేలి గోరు తప్ప అంతా మసక. 2.8కి మార్చి, షట్టర్ 250 దగ్గరే ఉంచి, ఐఎస్‌ఓ పెరిగితే పెరగనీ అని తీస్తే పిండి మెలిక తిరగడం, అందులో నువ్వులు, వేలికి అంటిన తడి పిండి అన్నీ వచ్చాయి. అత్తయ్య చూసి "నా చేతులు ఇంత ముసలివైపోయినయా" అంది, ఆ తర్వాత వాళ్ళ చెల్లెలికి పంపమని తనే అడిగింది.

సెట్టింగులు ఒకసారి పెట్టి వదిలేశాను. అపెర్చర్ మోడ్ (ఎఫ్ అంకె నేను పెడతాను, షట్టర్ సంగతి కెమెరా చూసుకుంటుంది), ఆటో ఐఎస్‌ఓ, అందులో షట్టర్ 250 కన్నా కిందికి దిగకూడదని ఒక గీత. ఫోకస్ కంటిన్యువస్, ముఖాలు, కళ్ళు ఆన్. రా ఫైళ్ళ (కెమెరా సరిదిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్ళు) జోలికి పోలేదు, జేపెగ్ చాలు. ఇంటికి రాగానే కార్డు రీడర్ ఫోన్‌కి గుచ్చి కావలసినవి ఎక్కించుకుంటాను. కార్డు మాత్రం నమ్మకమైన చోట బిల్లుతో కొనండి, కార్డుల్లో నకిలీలు మామూలుగా లేవు.

ఇంకో జాగ్రత్త మా పుట్టింటివైపు వాళ్ళకి. అమలాపురంలో నాన్న యాషికా ఎంఎఫ్-2ని తోలు కేసులో పెట్టి బీరువాలో ఎంతో భద్రంగా దాచారు, ఆ తేమకి లెన్స్ నిండా ఫంగస్ పట్టి పోయింది. తోలు, గుడ్డ తేమని పట్టి ఉంచుతాయి. హైదరాబాద్‌లో అంత భయం లేదు గానీ వానాకాలం నేను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తేమని పీల్చే సిలికా జెల్ పోసి అందులోనే ఉంచుతున్నాను, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వేస్తాను. ఊరికి వెళ్తే డబ్బా కూడా వెంటే వస్తుంది.

ఈ కెమెరాతో ఇంకా తీరనిది పాప కూచిపూడి. స్కూలు స్టేజీకి మేం కూర్చునే చోటు నుంచి 30 ఎంఎంలో తీస్తే అగ్గిపుల్లంత కనిపిస్తుంది, నడుచుకుంటూ ముందుకెళ్తే వెనకవాళ్ళు ఊరుకోరు. తమ్ముడు దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 55-210 జూమ్ లెన్స్ కొనేయమంటున్నాడు. స్టేజీ మీద లైట్లు బాగానే ఉంటాయి కాబట్టి దాని ఎఫ్ 6.3 సరిపోవచ్చంటాడు. ఈసారి యాన్యువల్ డేకి కృష్ణానగర్ నుంచి అద్దెకే తెస్తాను, ఆ ఫోటోల్లో షట్టర్, ఐఎస్‌ఓ ఎంతెంత పడ్డాయో చూశాక కొనాలో వద్దో ఆలోచిస్తాను.